రక్షకుల మనోగాయము

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. శవములనెత్తినవారి మనోవేదనకు ఆనాటి వైద్యమున తగిన గుర్తింపు లేదు. 1915లో ఆంగ్ల వైద్యుడు చార్లెస్ మయర్స్ ఐరోపా యుద్ధమునుండి వచ్చిన సైనికులయందు ఇట్టి వేదనను గమనించి, ‘షెల్ షాక్’ అని వ్రాసెను. 1980లో అమెరికా మనోవైద్యసంఘము దానిని వ్యాధిగా అంగీకరించినది. మృతావశేషములనేరు రక్షకులకును, పోలీసులకును అది కలుగవచ్చునని 2013లో స్పష్టముగ పేర్కొన్నది.

2025 మే 18న పాతబస్తీలో, చార్మినారు చెంతనున్న గుల్జార్‌హౌజ్ వద్ద 17 మంది అగ్నికి బలియైరి. అందు 8 మంది పసివారు. అట్టిచోట విధి నిర్వహించినవారికి నెల దాటినను నిద్ర పట్టకున్న, పొగవాసనకే గుండె దడదడలాడిన, అది పిరికితనము కాదు. చికిత్సకు లొంగు వ్యాధి కావచ్చును. మంట ఆరిన పిదప వారి కుశలమడుగుట మన ధర్మము.