భోజలి మొలకల పసుపు వెనుక జన్యువులు: హరితరేణువు ఎలా రూపొందుతుంది?

భిలాయ్ ఉక్కు నగరంలోని కోహ్కాతో పాటు ఛత్తీస్‌గఢ్ అంతటా శ్రావణమాసంలో గోధుమ గింజలను బుట్టల్లో చల్లి, వెలుగు సోకని చోట ఉంచి మొలకెత్తిస్తారు. ఇవే భోజలి మొలకలు. రాఖీ పౌర్ణమి మరునాడు వీటిని చెరువులో నిమజ్జనం చేసి, కొన్నింటిని స్నేహచిహ్నంగా ఇచ్చిపుచ్చుకుంటారు. పెళ్లిలో పాలికల్లో నవధాన్యాలు పోయడం ఎరిగిన తెలుగువారికి ఈ ఆచారం కొత్తగా తోచదు. భోజలి మొలకలు పచ్చగా ఉంటాయంటే ఒక వివరణ అవసరం. తెలుగులో ‘పచ్చ’ పసుపుకూ ఆకు రంగుకూ రెంటికీ చెల్లుతుంది. ఇక్కడ ఉన్నది పసుపుపచ్చ. అదే గింజను ఆరుబయట విత్తితే ఆకుపచ్చని పైరు వస్తుంది. రెండు చోట్లా జన్యువులు ఒక్కటే, వాటికి అందిన సంకేతమే వేరు.

మొలక కొసన విభజన చెందే కణాల్లో ప్రోప్లాస్టిడ్లు అనే రంగులేని సూక్ష్మాంగాలు ఉంటాయి. వెలుతురు దొరికితే ఇవి హరితరేణువులుగా ఎదుగుతాయి. చీకటిలో మాత్రం ఈటియోప్లాస్టులనే మధ్యస్థ దశలో ఆగిపోతాయి. పత్రహరితం తయారీలో ముందు దశకు చెందిన ప్రోటోక్లోరోఫిల్లైడ్ అనే పదార్థం అప్పటికే వాటిలో సిద్ధంగా ఉంటుంది. దాన్ని ముందుకు నడిపే ఎంజైము పుష్పించే మొక్కల్లో వెలుతురు పడితే తప్ప పనిచేయదు. కెరోటినాయిడ్ల పసుపు ఛాయ మాత్రమే కంటికి కనిపిస్తుంది. బుట్టను ఎండలోకి తెస్తే కొన్ని గంటల్లోనే ఆకు రంగు మారడం మొదలవుతుంది. పైన్ వృక్షాల తీరు వేరు. వాటి హరితరేణువుల్లో వెలుతురు అవసరం లేని మరో ఎంజైముకు చెందిన జన్యువులు మిగిలి ఉన్నాయి. అందుకే పైన్ మొలక చీకటిలోనూ ఆకుపచ్చగా మారగలదు.

వెలుతురును గుర్తించే బాధ్యత ఫైటోక్రోమ్ వంటి గ్రాహక ప్రోటీన్లది. చీకటిలో పిఫ్ అనే ప్రోటీన్లు హరితరేణువుల నిర్మాణానికి కావలసిన జన్యువులను అణచి ఉంచుతాయి. వెలుతురు తగలగానే ఫైటోక్రోములు చైతన్యం పొంది పిఫ్‌లను క్షీణింపజేస్తాయి. అడ్డు తొలగాక హెచ్‌వై5, జీఎల్‌కే వంటి నియంత్రక ప్రోటీన్లు పత్రహరితానికి, కాంతిని గ్రహించే ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులను మేల్కొలుపుతాయి.

ఈ జన్యువుల్లో అత్యధికం ఉండేది హరితరేణువులో కాదు, కణ కేంద్రకంలో. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఒక కణంలోకి చేరి స్థిరపడిన సయనోబాక్టీరియాయే నేటి హరితరేణువుకు మూలం. కాలక్రమంలో దాని జన్యువుల్లో అనేకం కేంద్రకానికి తరలిపోయాయి. నేటి మొక్కల హరితరేణువు సొంత డీఎన్ఏలో సుమారు వంద పైచిలుకు జన్యువులే మిగిలాయి. హరితరేణువుకు కావలసిన ప్రోటీన్లు మాత్రం వేలల్లో ఉంటాయి. గాలిలోని కార్బన్‌ను పట్టే రుబిస్కో ఎంజైమునే చూస్తే, దాని పెద్ద భాగానికి సంబంధించిన జన్యువు హరితరేణువులోనూ, చిన్న భాగానికి సంబంధించినవి కేంద్రకంలోనూ ఉన్నాయి. రెండూ సరైన పాళ్లలో తయారు కావాలి. అందుకే సంకేతాలు రెండు దిశల్లోనూ నడుస్తాయి. హరితరేణువు దెబ్బతింటే కేంద్రకం తన కిరణజన్య సంయోగక్రియ జన్యువుల వేగాన్ని తగ్గిస్తుంది. ఈ సంకేతాన్ని పట్టించుకోని ఉత్పరివర్తన మొక్కలను అరాబిడాప్సిస్‌లో 1993లో గుర్తించి, వాటికి ‘గన్’ అని పేరు పెట్టారు.

సొంత డీఎన్ఏ ఉన్నందున హరితరేణువు లక్షణాలు మెండెల్ సూత్రాలకు లొంగవని తొలుత తెలిపిన మొక్క తెలుగు పెరళ్లలోనూ పూస్తుంది. అది సాయంత్రం విరిసే చంద్రకాంత. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ ఆకుపచ్చ, తెలుపు మచ్చల చంద్రకాంత మీద పరిశోధించి 1909లో ఫలితాలు వెల్లడించారు. ఆకుపచ్చని కొమ్మపై కాసిన గింజల నుంచి ఆకుపచ్చని మొక్కలే వచ్చాయి. తెల్లని కొమ్మ గింజల నుంచి తెల్లని మొలకలు వచ్చి చనిపోయాయి. పుప్పొడి ఏ కొమ్మది అన్నది లెక్కలోకి రాలేదు. లక్షణం తల్లి వైపు నుంచే సంక్రమించింది. అదే సంవత్సరం ఎర్విన్ బౌర్ పెలార్గోనియంలో తల్లిదండ్రులిరువురి ప్లాస్టిడ్లూ సంతానానికి చేరతాయని చూపారు. కనుక తల్లి వారసత్వం సర్వత్రా నియమం కాదు.

వంటింటికి దగ్గరి ఉదాహరణ టమాటా. భిలాయ్ ఉన్న దుర్గ్ జిల్లాలో ధమ్‌ధా ప్రాంతం, ఆంధ్రప్రదేశ్‌లో మదనపల్లె టమాటాకు పేరు పొందాయి. పాత రకాల్లో కాయ తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చని వలయం ఉంటుంది. పండు అంతటా ఒకే రంగు తిరగాలన్న కోరికతో ప్రజననకారులు ఈ వలయం లేని రకాలను దశాబ్దాలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఆ ఎంపికలో ఏం పోయిందో 2012లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒకే రంగు రకాల్లో జీఎల్‌కే2 జన్యువు చెడిపోయి ఉంది. అది సవ్యంగా పనిచేస్తే కాయలో హరితరేణువులు ఎక్కువగా ఎదిగి, పండులో చక్కెరలు, కెరోటినాయిడ్లు పెరుగుతాయి. అందానికి చేసిన ఎంపిక రుచిలో కొంత భాగాన్ని తీసుకుపోయింది. ప్రజననకారులను తప్పుపట్టడం సబబు కాదు. అప్పటికి వారికి కనిపించింది రంగు మాత్రమే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని టమాటా జన్యు వనరుల భాండాగారం ఇటువంటి ఉత్పరివర్తన మొక్కలపై పరిశోధనలు సాగిస్తోంది.

నారుమడిలో అక్కడక్కడా తెల్లని వరి మొలకలు కనిపించడం రైతులకు తెలిసినదే. జన్యులోపంతో పత్రహరితం పూర్తిగా లేనివి గింజలోని ఆహారం అయిపోగానే ఎండిపోతాయి, వాటికి మందు లేదు. విరెసెంట్ అనే రకం ఉత్పరివర్తనాల్లో మాత్రం లేత ఆకులు పాలిపోయి ఉన్నా, మొక్క ఎదిగే కొద్దీ ఆకుపచ్చగా మారతాయి. మడి అంతటా కొత్త ఆకులు ఈనెలు మినహా పసుపు తిరిగితే అది చాలావరకు ఇనుము లోపం. అన్నభేది ద్రావణం పిచికారీ చేశాక తర్వాత వచ్చే ఆకులు పచ్చబడితే దోషం నేలదే, విత్తనానిది కాదు.