కట్టుబాటు నుంచి నిబంధన దాకా: తిరుమల కొండదారి

2023 ఆగస్టు 11 రాత్రి తిరుమల కొండకు వెళ్ళే అలిపిరి మెట్లదారిలో నరసింహస్వామి గుడి దగ్గర ఒక చిన్నారిని చిరుత ఎత్తుకుపోయి చంపింది. అదే ఏడాది జూన్‌లో ఏడో మైలు దగ్గర ఒక బాలుడు చిరుత నోటినుంచి తృటిలో బయటపడ్డాడు. దాంతో దేవస్థానం వరసగా షరతులు పెట్టింది. పదిహేనేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక మెట్లెక్కనివ్వలేదు. నడిచేవాళ్ళు వందేసి మంది గుంపుగా కదలాలన్నారు. సాయంత్రం ఆరు దాటితే ఘాట్‌రోడ్డులో ద్విచక్ర వాహనాలు కనబడకూడదన్నారు. నడిచే భక్తుల చేతికి కర్ర ఇచ్చారు. ఈ కర్ర మీద అప్పట్లో వచ్చిన వెటకారాలు అన్నీ ఇన్నీ కావు. అయితే కొండదారి చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ జాబితాలో కొత్తదేమీ కనబడదు. పొద్దుండగానే ఎక్కడం, పదిమందితో కలిసి నడవడం, చేతిలో కర్ర ఉంచుకోవడం, పిల్లలను నడుమ పెట్టుకోవడం శతాబ్దాలుగా యాత్రికుల అలవాట్లే. మోటారు రోడ్డు వచ్చాక ఆ అలవాట్ల అవసరం తీరిపోయిందనుకున్నాం. ప్రమాదం జరిగిన ప్రతిసారీ వాటిలో ఒకటి కాగితమెక్కి తిరిగి వస్తోంది. తిరుమల ప్రయాణ నిబంధనల చరిత్ర సారాంశం ఇదే.

పాత దారిని దారిగా నిలిపినవి మెట్లతో పాటు మజిలీలు. అలిపిరి నుంచి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. చంద్రగిరి వైపు శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు పొట్టిది, 2 కిలోమీటర్ల పైచిలుకు, కానీ నిట్టనిలువు. విజయనగర కాలంలో చంద్రగిరి కోట రాజ్యానికి ముఖ్యస్థానాల్లో ఒకటి కావడంతో ఆ దారికి రాజుల రాకపోకలు తోడయ్యాయి. 1513, 1521 మధ్య శ్రీకృష్ణదేవరాయలు ఏడుసార్లు కొండకు వచ్చాడు. సాళువ నరసింహుడి కాలంలో కొండ మీద రామానుజకూటాలు వెలిసి యాత్రికులకు అన్నం పెట్టాయి. 17వ శతాబ్దంలో మట్లి రాజులు గోపురాలు, మెట్లు కట్టించారు. దారి పొడవునా కనిపించే మండపాలను పుణ్యం కోసం కట్టారన్నది నిజమే. వాటితో జరిగే పని మాత్రం వేరు. వాన వస్తే తల దాచుకోవడానికి, పొద్దు గూకితే ఆగిపోవడానికి, వెనకబడ్డవాళ్ళ కోసం ఎదురుచూడడానికి అవి ఉపయోగపడేవి. గాలిగోపురం దాటాక అవ్వాచారి కోన పక్కన నడిచి మోకాళ్ళ మెట్టు చేరేసరికి ఎంతటి బలశాలికైనా కాళ్ళు పట్టేస్తాయి. ఆ చోట తొందరపడమని ఎవరన్నా ఎవరూ వినరు. మనిషి వేగాన్ని కొండే నిర్ణయించేది.

ఆ కాలపు ప్రయాణం ఎలా ఉండేదో ఏనుగుల వీరాస్వామయ్య రాతల్లో దొరుకుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి తిరుపతి మీదుగా కడప వైపు సాగాడు. పలుకుబడి ఉన్నవాడు, పల్లకీలో వెళ్ళగల స్తోమత ఉన్నవాడు, అయినా వెంట వందమందికి పైగా పరివారం ఉంది. ఏ ఊళ్ళో నీళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, సామాన్లు ఏ అంగడిలో దొరుకుతాయి, దారి ఎలాంటిది అన్న వివరాలు ఆయన రాసుకుంటూ పోయాడు. ముందుగా కనుక్కోవడం, గుంపుగా వెళ్ళడం, మజిలీ ఎంచుకోవడం అన్నవి అప్పటి ప్రయాణ సూత్రాలు. ఎవరూ చట్టం చెయ్యలేదు. పాటించనివాడికి జరిమానా లేదు, ప్రాణభయం ఉంది. అందుకే ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పిన మాటే శాసనం.

రైలు మొదట మార్చింది తిరుపతి దాకా వచ్చే దారిని. 1891 నాటికి పట్టాలు ఊళ్ళోకి వచ్చినా కొండ కింద మళ్ళీ కాళ్ళే, లేకపోతే డోలీలే. అసలు మార్పు తెచ్చింది ఘాట్‌రోడ్డు. 1932 చట్టంతో ఏర్పడిన దేవస్థానం కమిటీ హయాంలో పని సాగి, 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ చేతుల మీదుగా మొదటి ఘాట్‌రోడ్డు తెరుచుకుంది. దాదాపు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. రద్దీ పెరగడంతో 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు కొత్తదాంట్లో ఎక్కుతాం, పాతదాంట్లో దిగుతాం. ముసలివాళ్ళకు, రోగులకు, పసిపిల్లల తల్లులకు ఈ రోడ్డు చేసిన మేలు ఇంతా అంతా కాదు. దాంతోపాటు నాలుగు అడ్డంకులు తొలగిపోయాయి: రాత్రి, వాన, ఒంటరితనం, అలసట. ఏ వేళకైనా, ఏ కాలంలోనైనా, ఒక్కడైనా, అలుపు లేకుండా కొండెక్కవచ్చన్న ధీమా కలిగింది. ఆ ధీమాకు అడవీ వాతావరణమూ ఒప్పుకోలేదు.

వాతావరణం సంగతే చూద్దాం. ఈ ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. పెరటాశి శనివారాలకు తమిళనాడు నుంచి వచ్చే జనం, దసరా వేళ బ్రహ్మోత్సవాలు ఆ వానలు ముదిరేలోపే చాలావరకు ముగుస్తాయి. వైకుంఠ ఏకాదశి వానలు తగ్గుముఖం పట్టాక వస్తుంది. పంచాంగాన్ని వాన చూసి రాశారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ నడిచే జనం రద్దీకి, గట్టి వానలకు మధ్య కొంత ఎడం ఉండేదన్నది వాస్తవం. ఏడాది పొడవునా రోజూ వేలమంది వచ్చే ఏర్పాటు ఆ ఎడాన్ని చెరిపేసింది. దీనికి తోడు రాయి స్వభావం ఒకటుంది. ఘాట్‌రోడ్డు కోసం తొలిచిన చోట కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య కోట్లాది ఏళ్ళ విరామం ఉంది కాబట్టే భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. యాత్రికుడికి పనికొచ్చే సంగతి మాత్రం పైపొరల్లోని బీటలు. వాననీళ్ళు వాటిలోకి దిగి బండను వదులు చేస్తాయి. 2021 నవంబరులో కుండపోత కురిసినప్పుడు రెండు ఘాట్‌రోడ్లూ మూతపడ్డాయి, శ్రీవారి మెట్టు కొట్టుకుపోయింది. డిసెంబరు 1న బండలు విరిగిపడి ఎక్కే రోడ్డు దెబ్బతింది. మెట్టుదారి మళ్ళీ తెరుచుకోవడానికి 2022 మే దాకా పట్టింది. వానాకాలంలో కొండ జోలికి పోవద్దన్న పాత జాగ్రత్త, రోడ్డు మూసివేత ప్రకటనగా తిరిగి వచ్చింది.

వేగం విషయంలో ఇదే ఇంకా తేటగా కనబడుతుంది. అలిపిరి దగ్గర బండికి ఇచ్చే చీటీ మీద సమయం పడుతుంది. ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదన్నది లెక్క. అంతకన్నా ముందే చేరితే అవతల జరిమానా. రోడ్డు వేసింది త్వరగా చేరడానికే, మరి త్వరగా చేరినవాడికి శిక్షా అని నవ్వుకునేవాళ్ళున్నారు. దిగేటప్పుడు పన్నెండు నిమిషాలు ఎక్కువ ఎందుకో బ్రేకు మీదే కాలు పెట్టి కొండ దిగిన డ్రైవరును అడిగితే చెబుతాడు: చక్రాలు వేడెక్కి బ్రేకు పట్టు వదిలేస్తుంది, చిన్న గేరులో నిదానంగా దిగడం ఒక్కటే మార్గం. మోకాళ్ళ మెట్టు చేసిన పనిని ఇప్పుడు చీటీ మీది గడియారం చేస్తోంది. చుట్టుపక్కల కనుమల్లో ఈ గడియారం లేదు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి వస్తున్న నిశ్చితార్థ బృందం బస్సు భాకరాపేట కనుమలో రాత్రివేళ లోయలో పడింది. చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ పేరు ప్రమాద వార్తల్లో తరచూ వినిపిస్తుంది. ఆ దారుల్లో బండి ఎంతసేపట్లో కనుమ దాటిందో అడిగేవాళ్ళు లేరు.

ఈ వాదన మీద రెండు అభ్యంతరాలు రావచ్చు. పాతకాలం అంత భద్రంగా ఉండేదా అన్నది మొదటిది. ఉండేది కాదు. గత్తర వస్తే యాత్రాస్థలాలే శ్మశానాలయ్యేవి, దొంగల భయం ఉండేది, దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. కాబట్టి కట్టుబాటు నిబంధన కన్నా మేలని నా వాదన కాదు. కట్టుబాటు కొండ స్వభావం తెలిసి పుట్టింది, నిబంధన కూడా అక్కడినుంచే పుడుతోంది, అందువల్ల అది భక్తికి అడ్డు తగిలే అధికార చాదస్తం కాదు అని మాత్రమే చెబుతున్నాను. అన్ని నిబంధనలూ కొండవి కావన్నదీ ఒప్పుకోవాలి. 2003 అక్టోబరు 1న పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళుతున్న ముఖ్యమంత్రి మీద అలిపిరి దగ్గర మందుపాతర పేలాక కట్టుదిట్టమైన తనిఖీలు మనుషుల వల్ల వచ్చినవి. అటవీ నియమాలు 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనం వల్ల వచ్చినవి. చిరుత మన దారిలోకి రాలేదు, దాని అడవిలోంచి మనం దారి వేసుకున్నాం.

రెండో అభ్యంతరం గట్టిది. ఈ నిబంధనల భారం పడేది ఎవరి మీద? మొక్కుకుని నడిచేవాళ్ళ మీద, బైకు మీద వచ్చే చిన్న కుటుంబాల మీద. కారున్నవాడు అద్దం ఎత్తుకుని వెళ్ళిపోతాడు. మదనపల్లె వైపు నుంచో వేలూరు వైపు నుంచో బయలుదేరిన కుటుంబానికి మధ్యాహ్నం రెండు గంటల షరతు అలిపిరి మెట్ల దగ్గరికి వచ్చాక తెలిస్తే, పిల్లలతో ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? పాత కట్టుబాటుకు, కొత్త నిబంధనకు అసలు తేడా ఇక్కడే ఉంది. కట్టుబాటు యాత్రికుడు ఇల్లు కదలకముందే అతనికి తెలుసు, నిబంధన అతనికి గేటు దగ్గర ఎదురవుతోంది. పైగా పాతకాలంలో ఆగమన్న చోట ఆగడానికి మండపం ఉండేది. కాబట్టి నిబంధనలు సడలించమని కోరడం కన్నా, అవి బస్టాండుల్లో, రైళ్ళలో, ఊళ్ళలో ముందుగా వినబడేలా చెయ్యమని, ఆపిన ప్రతి కుటుంబానికీ ఆ రాత్రికి ఒక నీడ చూపించమని కోరడం న్యాయం. దారి మూసే అధికారం ఉన్నవాళ్ళకు మజిలీ కట్టే బాధ్యత కూడా ఉందని మట్లి రాజుల కాలం నాటికే తెలుసు.