బండి, బండ, గట్టు

శిరివెళ్ల మెట్ట దగ్గర నంద్యాల-ఆళ్లగడ్డ రోడ్డు మీద నిలబడి "బండి వస్తాందా?" అని అడిగితే, ఏ బండి అని ఎవరూ ఎదురడగరు. అడిగినవాడి పక్కన యూరియా బస్తా ఉంటే ట్రాలీ ఆటో అనుకుంటారు. పెళ్లిబట్టల్లో ఉంటే బాడుగకు మాట్లాడుకున్న జీపు. చేతిలో పానా ఉంటే రిపేరుకు రావలసిన మోటారుసైకిలు. అదే మనిషి నంద్యాల స్టేషనుకు పోయి రైలును కూడా బండి అనే అంటాడు. టిఫిను బండి, ఇస్త్రీ బండి, సోడా బండి సరేసరి. ఇన్ని వస్తువులను ఒకే మాట మోస్తుంటే ఇబ్బంది పడినవాణ్ణి నేను చూడలేదు.

ఎద్దులు పోయి ఇంజను వచ్చింది గానీ మాట మారలేదు. దాని వెంట ఉన్న క్రియలూ మారలేదు. సీమలో, తెలంగాణలో కారును ఇప్పటికీ 'తోలుతారు'. పసులను తోలినట్టే, మడికి మట్టి తోలినట్టే. కోస్తావాళ్లు 'నడుపుతారు'. పత్రికలవాళ్లకు రెండూ చాలక 'వాహన చోదకుడు' అని రాస్తారు. ఆ చోదకుడు ప్రమాదవార్తల్లో తప్ప ఎక్కడా కనపడడు. తోలడం మోటు మాట అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి: ఇంగ్లీషువాడి 'డ్రైవ్' కూడా మొదట పసుల మందను అదిలించి ముందుకు పంపడమే.

'బండి కట్టు' అంటే ఎద్దుల మెడ మీద కాడి వేసి, పట్టెడలు బిగించి బయల్దేరదీయడం. ఇప్పుడు అహోబిలం పోవాలంటే ఆళ్లగడ్డలో కారు 'కట్టించుకొని' పోతారు. ఆ కారుకు కట్టడానికి ఏమీ లేదు. పగ్గాలు ఎద్దుల ముక్కుల్నుంచి జారి ధరలకు తగులుకున్నాయి. కాడి పొలం వదిలి క్రికెట్ వార్తల్లోకి పోయింది. మూడు వికెట్లు పడితే చాలు, జట్టు కాడి వదిలేసిందంటారు. ఆముదంలో మసి కలిపి ఇరుసుకు పూసే కందెన అనే చక్కటి మాటేమో పాఠ్యపుస్తకాల్లో ల్యూబ్రికెంటుకు సమానార్థకంగా కుదురుకుంది, మెకానిక్ షెడ్డులోకి మాత్రం రాలేదు. అక్కడ గ్రీజే.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది 'మొరాయించు'. ఇది పశువు పని. కాళ్లు తన్నిపెట్టి, మెడ బిగబట్టి, ఇక అడుగు వేయనని పట్టుబట్టడం. యంత్రానికి పట్టుదల ఉండదు కదా. అయినా పోలింగ్ నాడు ఈవీఎంలు మొరాయిస్తాయి, బ్యాంకులో సర్వర్ మొరాయిస్తుంది, చలికాలం పొద్దున జీపు మొరాయిస్తుంది. పాత బండి ఉన్నవాళ్లందరూ దానితో మాట్లాడటం నేను విన్నాను. మెకానిక్‌తో "ఏంటికో పొద్దన్నించి మొండికేస్తాందన్నా" అంటారు. ఆ మాటలో ఎద్దు ఇంకా బతికే ఉంది.

బండికి చుట్టాలు దక్షిణాదంతా ఉన్నారు. కన్నడంలో బండి, తమిళ మలయాళాల్లో వండి. మూలం ద్రావిడమా, ప్రాకృతపు 'భండీ'యా అన్న తగువును పండితులకు వదిలేద్దాం. దొరల కాలంలో ఇది ఇంగ్లీషులోకి కూడా దూరింది. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో 'బ్యాండీ' ఉంది. మద్రాసు, బొంబాయి వైపు వాడుక, బెంగాల్లో తెలియదు అని ప్రాంతం కూడా చెప్పారు. మనం ఒక బండిని అరువిచ్చి ఇంకో బండిని అరువు తెచ్చుకున్నాం. 'కారు' అన్నది లాటిన్ 'కర్రస్' నుంచి వచ్చింది. దానికి ముందు గాల్ దేశపు కెల్టుల మాట. అర్థం: సరుకు మోసే చక్రాల బండి. కాబట్టి 'కారు బండి' అన్న పల్లెటూరి మాటను చూసి నవ్వేవాళ్లు నవ్వనీ, ఆ మాటలో బండి రెండుసార్లు ఉంది, అంతే.

కారు అన్న మాటను మనకిచ్చిన ఇంగ్లండులో పాత కార్ల పిచ్చివాళ్లు ఒక వింత ఆట ఆడతారు. పేరు ట్రయల్. వేగంతో పని లేదు. బురద పట్టిన ఏటవాలు దారి, రాళ్లు తేలిన కొండ బాట, వానకు నానిన గడ్డి గట్టు, ఇలాంటివాటిని ఎంచి అక్కడక్కడా కొలత గుర్తులు పాతుతారు. ఆగకుండా పైకి ఎక్కాలి. చక్రం తిరుగుతూ బండి నిలబడిపోతే అక్కడితో సరి. ఎంత దూరం ఎక్కిందో చూసి మార్కులు. కొన్నిచోట్ల నిట్టనిలువు ఎత్తు మధ్యలో కావాలనే ఆపించి మళ్లీ కదిలించమంటారు. 1901లో పుట్టిన మోటార్ సైక్లింగ్ క్లబ్ 1904లో లండన్ నుంచి ఎడింబరోకు, 1908లో లాండ్స్ ఎండ్‌కు, 1910లో ఎక్సిటర్‌కు ఇలాంటి ప్రయాణాలు మొదలుపెట్టింది. మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి, రాత్రంతా తోలి పొద్దున కొండలెక్కడంతో సహా. 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్‌వాళ్లకైతే 1930 దాటి తయారైన బండి వింటేజ్ లెక్కలోకే రాదు.

ఆ ట్రయల్స్‌లో పక్క సీటువాడి ఉద్యోగం చూస్తే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వెనక చక్రాలకు పట్టు చిక్కనప్పుడు అతడు సీటులో పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతుంటాడు, బరువు చక్రాల మీద పడి నేలను కరుస్తుందని. నల్లరేగడి దారిలో బండి దిగబడితే మన దగ్గరా అంతే కదా. ముందు బరువెక్కువై ఎద్దుల మెడలు వంగిపోతే ఒకడు వెనక్కి పోయి కూర్చుంటాడు, వెనక బరువై కాడి పైకి లేస్తే ముందుకొచ్చి నొగ మీద కూర్చుంటాడు. కుందూ నది లోయలో వానాకాలం బండి తోలినవాళ్లందరూ బరువు లెక్క ఒంటితో నేర్చుకున్నవాళ్లే. కాకపోతే దాన్ని ఆట అనుకోలేదు.

మరి ఆట అనుకున్నది ఏది అంటే, బండలాగుడు.

నంద్యాల ప్రాంతంలో శివరాత్రికి, ఉగాదికి, ఊరి తిరునాళ్లకు ఇది ఉండాల్సిందే. చుట్టూ నవనందులు, ఊరి పేరులోనే నంది. ఎద్దుకు ఇక్కడ ఉన్న మర్యాద మరోచోట ఉండదు. పోటీ నియమం ఒక్క వాక్యంలో అయిపోతుంది: ఇంత బరువు బండను, ఇన్ని నిమిషాల్లో, ఎంత దూరం లాగాయి? విభాగాన్నిబట్టి పదో పదిహేనో ఇరవయ్యో నిమిషాలు. గీసిన బాటలో కొసదాకా పోయి, జతను తిప్పుకొని మళ్లీ వెనక్కి. పెద్ద విభాగాల్లో బండ టన్ను దాటుతుంది. మైకులో ఒకాయన నిమిషాలు, రౌండ్లు అరుస్తూ ఉంటాడు. చివర టేపు పట్టి అడుగులే కాదు, అంగుళాలు కూడా కొలుస్తారు. మర్నాడు పత్రికలో అడుగుల పక్కన అంగుళాలు అచ్చవుతాయి, ఒక్కోసారి బహుమతి తేలేది అక్కడే.

విభాగాల పేర్లు చూడండి. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు. ఎద్దు వయసు నోట్లో ఉంటుంది. పాలపండ్లు ఊడి శాశ్వతమైన పండ్లు రెండేసి చొప్పున వస్తాయి. నోరు తెరిచి చూసి విభాగం ఖాయం చేస్తారు. ఆ తర్వాత న్యూ కేటగిరి, సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ అని స్కూలు ఆటలపోటీల భాష వచ్చి కలిసింది. పండ్లున్నంతవరకు తెలుగు, పండ్ల లెక్క అయిపోయాక ఇంగ్లీషు!

పండ్లు అని ఊరికే రాయలేదు. సీమలో పండ్లు, కండ్లు, ఇండ్లు, బండ్లు. కోస్తాలో పళ్లు, కళ్లు, ఇళ్లు, బళ్లు. ండ్ల అన్న మూడు హల్లుల గుంపు అరిగి ళ్లగా మారిన చోట అనుకోని చిక్కొకటి వచ్చింది: బడికీ బండికీ బహువచనం ఒకటైపోయింది. 'బళ్లు మూసేశారు' అంటే స్కూళ్లా, టిఫిను బండ్లా? శిరివెళ్లలో ఈ అనుమానానికి తావు లేదు. పాత రూపాన్ని ఉంచుకున్నందుకు దక్కిన సుఖం అది.

బండి, బండ అనేవి చెవికి అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి. నిఘంటువులు మాత్రం వేరువేరు ఇండ్లలోనే ఉంచుతాయి. బండ అంటే రాయి, పరిచే నాపబండ, నేల. బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు అంటే ఒకప్పుడు గొప్ప. బండ అంటే మొద్దు కూడా. ఇంట్లో అయిపోయిందంటే గుండె గుభేలుమనే గ్యాసు సిలిండరూ బండే. ఆళ్లగడ్డలో బండను చెక్కి దేవుణ్ణి చేస్తారు. పక్క ఊళ్లలో అదే బండను ఎద్దులచేత లాగిస్తారు.

బండలాగుడులో నాకు అబ్బురంగా తోచేది చక్రం లేకపోవడం. మనిషి ఎన్ని వేల ఏండ్ల కష్టంతో బరువు కింద చక్రం పెట్టాడో, ఆ చక్రాన్ని తీసి పక్కన పడేసి, కాడి, గొలుసు, బరువు మాత్రం మిగిల్చి, ఇప్పుడు లాగు చూద్దాం అంటుంది ఈ ఆట. బండిలోంచి సుఖాన్ని తీసేస్తే మిగిలేది బండ. ఇంగ్లండు ట్రయలువాడూ అదే చేస్తాడు. పక్కనే తారు రోడ్డు ఉంటే దాన్ని వదిలేసి బురద గట్టు ఎంచుకుంటాడు. టైరులో గాలి ఎంతకు తగ్గించుకోవచ్చో కూడా చాలాచోట్ల షరతు పెడతారు, ఆట తేలికైపోతుందని. రోడ్డు మీద బండి అంటే ఎక్కి పోయేది. అది తనేమిటో చూపించుకోవాలంటే పోలేని చోటు ఒకటి కావాలి.

ఒక్క తేడా ఉంది, దాన్ని దాటేసి పోవడం నాకు సమ్మతం కాదు. కారు నిజంగా మొరాయించదు. ఎద్దు మొరాయిస్తుంది, ఎందుకో దానికి తెలుసు. చర్నాకోల దెబ్బకు, ముల్లుగర్ర పోటుకు కారుకు నొప్పి లేదు. 2014లో జల్లికట్టు, ఎడ్లబండి పందేల మీద సుప్రీంకోర్టు నిషేధం, 2023లో తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక చట్టాలను సమర్థిస్తూ రాజ్యాంగ ధర్మాసనం తీర్పు, ఈ తగువంతా ఆ నొప్పి చుట్టూ తిరిగిందే. ఎద్దును కన్నకొడుకులా సాకుతున్నాం అనే యజమాని మాట అబద్ధం కాదు. ఉలవలు ఉడకబెట్టి, ఒళ్లు రుద్ది, రాత్రి కొట్టంలోనే పడుకునేవాళ్లున్నారు. కానీ ఆఖరి రెండు నిమిషాల్లో ఆ కొడుకు వీపు మీద ఏం పడుతుందో కూడా జనం చూస్తున్నారు. కొట్టకుండా, పొడవకుండా అదిలింపుతోనే లాగించే జతలకు వేరే గౌరవం ఉండాలని నా అభిప్రాయం.

ఎద్దుల మీద, పాత బండ్ల మీద ఉండే ఈ పిచ్చికి తెలుగులో గౌరవమైన పేరు లేదు. పత్రికలు 'ఔత్సాహికులు' అంటాయి. ఆ మాటతో ఎవరూ ఎవరినీ పిలుచుకోరు. వీధిలో మాట 'ఎద్దుల పిచ్చోడు', 'బండ్ల పిచ్చోడు'. అందులో ఎగతాళి ఎంతో ముద్దూ అంతే. ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ మోటారుసైకిళ్లవాళ్లు ఊరూరా పోగై జావా దినం చేసుకుంటారు. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే ఆగిపోయింది, స్పేరు పార్టుల కోసం ఊళ్లు తిరుగుతారు, అయినా కిక్కు కొట్టగానే ఆ రెండు గొట్టాల చప్పుడు వినడానికి ఒక ఆదివారం ఇస్తారు. 2014లో తయారీ ఆగిన అంబాసిడర్‌కూ ఇలాంటి పిచ్చోళ్లున్నారు. హైదరాబాదు నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సంగతి వేరు. ఆరో నిజాం ఆర్డరిస్తే, 1911లో ఆయన పోయాక ఏడో నిజాంకు దక్కి, వేడుకలకే బయటికొచ్చింది. సింహాసనం అమర్చిన ఆ వాహనాన్ని బండి అనడానికి నాకే నోరు రావడం లేదు. తోలితేనే బండి.

మన అక్షరాల్లో కూడా ఒక పాత బండి ఉంది. ఱ. పండితులు శకటరేఫ అంటారు, మామూలుగా బండి ఱ. శాసనాల్లో, నన్నయలో దిట్టంగా నడిచింది. పలుకులో ర, ఱ ఒకటైపోయాక షెడ్డుకు చేరింది. ఏఱు, చెఱువు, కఱవు అన్నీ ఇప్పుడు మామూలు ర మీదే నడుస్తున్నాయి. అయినా ప్రాసలో ర, ఱలను కలపకూడదని పట్టుబట్టే పద్యకవులు ఇంకా ఉన్నారు. వాళ్లనూ ఈ పిచ్చోళ్ల జాబితాలోనే వేసుకోవాలి. పాత రాతలో గుఱ్ఱం అని రాస్తే బండి ముందే కట్టి ఉంటుంది, చూడండి.

ఇక మిగిలింది ట్రయల్‌కు తెలుగు మాట. మెకానిక్ షెడ్డులో 'ట్రయల్' ఉంది గానీ అర్థం వేరు: రిపేరు చేసిన బండిని ఒక చుట్టు తోలి చూడటం. 'పరీక్ష' అంటే హాల్‌టికెట్టు గుర్తుకొస్తుంది. 'పందెం' అంటే డబ్బు. పత్రికకు అప్పగిస్తే 'ప్రాచీన వాహన పర్వతారోహణ పోటీ' అంటుంది, చదివినవాడు తాళ్లు, గునపాలు ఊహించుకుంటాడు. బండలాగుడు పక్కన నిలబడగలిగేది 'గట్టెక్కుడు' అని నాకు తోస్తుంది. చేను దాటి బాటకు రావాలంటే బండి ఎక్కాల్సింది గట్టే. కష్టం దాటిన మనిషిని కూడా గట్టెక్కాడనే అంటాం. నల్లమల అడుగున రాళ్ల బాటలున్నాయి, వానలు పడితే రేగడి ఉంది, షెడ్లలో పాత మహీంద్రా జీపులున్నాయి, బరువు లెక్క తెలిసిన ఒళ్లూ ఉన్నాయి. ఎవరైనా పూనుకొని పోటీ పెడితే కరపత్రం మీద ఈ మాట వేసి చూడమంటాను. కొలత ఎట్లాగూ బండలాగుడువాళ్లదే వాడుకోవచ్చు: అడుగులు, అంగుళాలు.