ఆకులోనూ ఒంట్లోనూ ఒకే యంత్రం

మొక్క కణంలో ఆక్సిజన్ సరిగ్గా ఎక్కడ పుడుతుందో 1880ల ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఎంగెల్మాన్ కంటికి కనిపించేలా చూపించాడు. స్పైరోగైరా అనే నాచు పోగులో హరితరేణువు మెలికలు తిరిగిన పచ్చటి పట్టీలా ఉంటుంది. ఆక్సిజన్ కోసం వెతుక్కుంటూ ఈదే బ్యాక్టీరియాను ఆ నాచు ఉన్న నీటి చుక్కలోనే వదిలి, సూక్ష్మదర్శిని కింద సన్నటి కాంతి రేఖను ప్రసరింపజేశాడు. పచ్చ పట్టీ మీద వెలుగు పడ్డచోట బ్యాక్టీరియా గుమిగూడింది. పట్టీ లేనిచోట వెలుగు పడితే అటు పోలేదు. ఏ కొలత పరికరమూ లేకుండానే హరితరేణువు పని రుజువైంది.

కణంలో ఆహారం నుంచి శక్తిని తీసే మైటోకాండ్రియా సంగతి తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1898లో కార్ల్ బెండా దానికి పేరైతే పెట్టాడు కానీ, కణాన్ని చితక్కొడితే అదీ చెడిపోయేది. 1948లో రాక్‌ఫెల్లర్ సంస్థలో హోగెబూమ్, ష్నైడర్, పలాడే ఎలుక కాలేయాన్ని చక్కెర ద్రావణంలో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మైటోకాండ్రియాను చెడకుండా వేరుచేశారు. ఆ దారినే షికాగోలో కెనెడీ, లెనింజర్ 1948-49లో కొవ్వు ఆమ్లాల దహనమూ, ఆహారం చివరిదాకా విడిపోయే క్రెబ్స్ వలయమూ అందులోనే నడుస్తాయని, శక్తి ఏటీపీ అనే అణువుగా అక్కడే నిలవవుతుందని నిరూపించారు.

ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా కార్ల్ లోమన్ అదే ఏడు ఈ ఫలితానికి చేరారు. అంతకు ముందే, 1925లో, ఫిస్కే, సుబ్బారావు రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి తర్వాతి తరాల ప్రయోగశాలలకు నిత్యం వాడే పనిముట్టయింది.

మళ్లీ హరితరేణువు దగ్గరికి వస్తే, 1937లో కేంబ్రిడ్జిలో రాబిన్ హిల్, ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులకు ఇనుప లవణం అందించి వెలుగులో ఉంచితే కార్బన్ డయాక్సైడ్‌తో పనిలేకుండానే ఆక్సిజన్ వస్తుందని చూపాడు. 1954లో బర్క్‌లీలో డేనియల్ ఆర్నన్ బృందం పాలకూర హరితరేణువులు వెలుగులో ఏటీపీ తయారుచేస్తాయని కనుగొంది. అంటే పిండిపదార్థాన్ని కూర్చే కణాంగమూ, దాన్ని కరిగించే కణాంగమూ రెండూ ఒకే సరుకు, ఏటీపీ, చేస్తున్నాయి. ఎలా?

ఎలక్ట్రాన్ల కదలికకూ ఏటీపీ తయారీకీ మధ్యలో ఏదో రసాయనం ఉండాలని చాలామంది ఏళ్లతరబడి వెతికారు. దొరకలేదు. 1961లో బ్రిటన్‌కు చెందిన పీటర్ మిచెల్ అలాంటిది అక్కర్లేదన్నాడు. ఎలక్ట్రాన్లు చేతులు మారుతుంటే ఈ కణాంగాల్లో ఉండే పొరకు ఒకవైపు ప్రోటాన్లు పోగవుతాయి, అవి తిరిగి ఇవతలికి వచ్చేటప్పుడు వెలువడే శక్తే ఏటీపీని తయారుచేస్తుందని వాదించాడు. సాటి శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

1966లో జాగెన్‌డార్ఫ్, ఉరీబే హరితరేణువుల పొరలను చీకట్లోనే ముందు ప్రోటాన్లు దండిగా ఉండే పీహెచ్ 4 ఆమ్లంలో నానబెట్టి, వెంటనే ఏటీపీకి ముడిసరుకైన ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న, ప్రోటాన్లు తక్కువైన పీహెచ్ 8 ద్రావణంలో వేశారు. వెలుగు లేకుండానే ఏటీపీ తయారైంది. ఈ రంగంలో ఇంత సూటైన ప్రయోగాలు అరుదు. 1978లో మిచెల్‌కు నోబెల్ దక్కింది.

ప్రోటాన్ల దారిలో ఉన్న ఎంజైమ్ తిరుగుతూ పనిచేస్తుందని పాల్ బోయర్ ఊహించగా, 1994లో జాన్ వాకర్ బృందం దాని నిర్మాణాన్ని చూపింది. వీరిద్దరికీ 1997లో నోబెల్ వచ్చింది. అదే ఏడు జపాన్ పరిశోధకులు ఆ ఎంజైమ్‌కు వెలిగే పోగు అతికించి, అది గిర్రున తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. పాలకూర ఆకులోనూ మనిషి గుండెలోనూ ఏటీపీని తయారుచేస్తున్నది ఈ కుటుంబానికి చెందిన ఎంజైమే.