మూడు కట్టుబాట్లు: ఒంగోలు మాదిగ సంఘం ఏం నమ్మింది?

క్రైస్తవంలో కలిసిన మాదిగల గురించి ఇంతకాలం రెండే మాటలు చెప్పుకొచ్చారు. ఒకటి, గంజి కోసం కలిశారని. రెండు, దొర కలిపితే కలిశారని. అగ్రకుల పండితులు మొదటి మాటని వెటకారంగా చెప్పారు. మిషనరీ పుస్తకాలు రెండో మాటని భక్తిగా చెప్పాయి. రెండు మాటల్లోనూ మాదిగకి ఆలోచన లేదు. ఆకలి అయినా ఉంది, చెయ్యి పట్టుకు నడిపించే దొర అయినా ఉన్నాడు. ఆ మనుషులు ఏం నమ్మారు, ఎందుకు నమ్మారు అన్న ప్రశ్న ఎవరికీ పట్టలేదు. ఒంగోలు బాప్టిస్టు సంఘం చరిత్రని ముందు పెట్టుకుని ఆ ప్రశ్న వేసుకుందాం.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగునాట పని మొదలుపెట్టింది 1836లో. ముప్ఫై ఏళ్ళు తిరిగినా వాళ్ళ సంఘంలో చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. నష్టాల మిషన్ అని దాన్ని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడా జరిగింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. అదే నెలలో ఒంగోలుకి పడమరగా ఉన్న తాళ్లకొండపాడు దగ్గర 28 మంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. కథ అక్కడ మలుపు తిరిగింది.

ఆ 28 మందిని తయారుచేసింది క్లౌ కాదు, యర్రగుంట్ల పేరయ్య. చెప్పులు కుట్టే మాదిగ, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఉత్తరంగా వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, తన చుట్టాల పల్లెలన్నీ తిరిగి తను విన్నది చెప్పాడు. అంతకు ముందే అతను రాజయోగం నేర్చుకున్నవాడు. ఒక స్త్రీ గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. దేవుడు ఒక్కడే, ఆయన బొమ్మలో లేడు అన్న మాట మాదిగపల్లెలకి అమెరికా నుంచి ఓడెక్కి వచ్చింది కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని జనం చెప్పుకుంటూనే ఉన్నారు గదా! దొర వచ్చేనాటికే నేల దున్ని ఉంది. మిషన్ చరిత్రలో పేరయ్య 'సహాయకుడు'గా మిగిలాడు. నిజానికి సంఘానికి మొదటి బోధకుడు అతనే.

ఇక నమ్మకాల సంగతి. బాప్టిస్టుల సిద్ధాంతం పుస్తకాల్లో ఉంది. నమ్మినవాడికే బాప్తిస్మం, అదీ నీళ్ళలో పూర్తిగా ముంచి. బైబిలే ప్రమాణం. ప్రతి సంఘం తన పనులు తనే చూసుకుంటుంది. కానీ పల్లెల్లో కొత్తగా చేరేవాళ్ళని క్లౌ, అతని బోధకులు అడిగింది ముఖ్యంగా మూడు కట్టుబాట్లు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. చూడ్డానికి ఇవి ఏ మతమైనా పెట్టుకునే నియమాల్లా ఉంటాయి. ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న సంబంధంలో పెట్టి చూస్తేనే వీటి బరువు తెలుస్తుంది.

ఆదివారం సంగతే తీసుకోండి. మాదిగవాడి శ్రమకి వేళాపాళా లేదు. కరణం కబురంపినా, మునసబు కేకేసినా, రెడ్డిగారి కళ్ళంలో పనిపడినా అప్పటికప్పుడు పోవాలి. అది వెట్టి. వారానికి ఒకరోజు 'రాను' అనడమంటే నా ఒంటి మీద నీకు పూర్తి హక్కు లేదని చెప్పడమే. ఆ మాట అనడానికి వాళ్ళకి దేవుడి ఆజ్ఞ అండగా దొరికింది. ఆ రోజుల్లో ఇంకే చట్టం ఆ అండ ఇచ్చింది?

రెండోది చచ్చిన గొడ్డు. ఊళ్ళో గొడ్డు చస్తే మాదిగ వచ్చి ఈడ్చుకుపోవాలి. మాంసం అతనిది, తోలుతో ఊరికి చెప్పులు, కపిల బానలు కుట్టివ్వాలి. ఇది 'హక్కు' అని ఊరు చెప్పేది. అంటరానితనానికి కారణంగా చూపెట్టేదీ దీన్నే. ఆ మాంసం ముట్టనన్నవాడు రెండు పనులు చేశాడు. ఊరు వేసిన నిందకి ఆధారం లేకుండా చేశాడు, ఊరి మీద తనకున్న ఆధారాన్నీ తెంచుకున్నాడు. 1927లో మహద్‌లో అంబేద్కర్ ఇదే మాట మహర్లకి చెప్పాడు. అప్పటికి అరవై ఏళ్ళ ముందు మన పల్లెల్లో ఇది సంఘ నియమం.

మూడోది విగ్రహం. అమ్మవారి జాతరలో దప్పు కొట్టాల్సింది మాదిగ. దున్నపోతు బలిలో చాకిరీ మాదిగది. మొక్కనన్నవాడు దప్పు కొట్టనన్నాడు. దప్పు లేకపోతే ఊరి జాతరే సాగదు.

అందుకే ఊరు ఊరుకోలేదు. క్లౌ తన అనుభవాల పుస్తకంలో ఇది రాశాడు. చాకలిని బట్టలు ఉతకొద్దన్నారు, కుమ్మరిని కుండలు అమ్మొద్దన్నారు. పశువుల్ని మందబయలు నుంచి తోలేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వడం మానేశారు. కోతల్లోకి రానివ్వక గింజలు లేకుండా చేశారు. దీన్ని ఇప్పుడు మనం సాంఘిక బహిష్కారం అంటాం. గంజి కోసం మతం మారారనేవాళ్ళు ఈ ముక్క చదవాలి. 1867లో చేరినవాళ్ళు ఉన్న గంజి పోగొట్టుకున్నారు.

కరువు వచ్చింది ఆ తర్వాత పదేళ్ళకి, 1876-78లో. క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ ఏడాది మొత్తం 9,606 మంది. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. బ్రాహ్మడు ముట్టని మనిషిని మాదిగ బోధకుడు ముట్టుకుని దేవుడి పేర లేపాడు. ఆ సంఘం నమ్మకమంతా ఆ ఒక్క పనిలో ఉంది.

తొలినాళ్ళలో ఒంగోలులో ఇంకో సంగతి జరిగింది. పెద్దకులాలవాళ్ళు కొందరు క్లౌ బోధ మీద ఆసక్తి చూపారు. మాదిగలు చేరేసరికి, వాళ్ళని తీసుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులు ఎవరి గదిలో వాళ్ళు బైబిలు తెరిస్తే, లోకం నీచులన్నవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకి రాసిన చోటే ఇద్దరికీ కనిపించిందని మిషన్ కథ. దాన్ని అద్భుతం అనుకున్నా, అనుకోకపోయినా, ఎంపిక మాత్రం జరిగింది. ఆ రోజు దొర అటు మొగ్గి ఉంటే ఇవ్వాళ ఒంగోలు సంఘం ఇంకోలా ఉండేది.

ఇదంతా పొగడ్త కోసం రాయడం లేదు. ఈ నమ్మకాలకి మనం ధర కూడా కట్టాం. దప్పుతో పాటు పాటా, ఆటా, మాతంగి సంప్రదాయం సైతాను పనుల లెక్కలో పడిపోయాయి. వెట్టిని వదిలించుకునే తొందరలో కళ కూడా జారిపోయింది. తెలుగునాట మాల సంఘాలు, మాదిగ సంఘాలు వేరువేరుగానే మిగిలాయి. ప్రభువు బల్ల దగ్గర కలిసినవాళ్ళు పెళ్ళి పీటల దగ్గర కలవలేదు. మూడు కట్టుబాట్లు పెట్టినవాళ్ళు 'కులం చూడకూడదు' అన్న నాలుగోదాన్ని అంత గట్టిగా ఎందుకు పట్టించలేదని మన పాస్టర్లని అడగాల్సిందే.

అయితే మతం మారితే కులం పోయిందనే మాట మాత్రం ఒప్పుకోలేం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల వంతు రాలేదు. 1985లో మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై సుప్రీంకోర్టుకి వెళితే, క్రైస్తవంలోనూ అంతే తీవ్రంగా అణచివేత ఉందని రుజువు చెయ్యలేదని కొట్టేశారు. తీర్పు వచ్చింది సెప్టెంబరులో. అదే ఏడాది జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపారు. తాగేనీళ్ళ చెరువు పాడుచేయొద్దన్న పాపానికి కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుకున్న మనిషి పేరు మున్నంగి సువార్త. చంపడానికి వచ్చినవాళ్ళు ఎవరి మతమేంటని అడగలేదు.

1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. తాతలు కింద పెట్టిన దప్పుని మనవలు మళ్ళీ భుజానికెత్తుకున్నారు. చాలామంది దీన్ని క్రైస్తవం మీద తిరుగుబాటు అంటారు. నాకలా అనిపించదు. తాతలు దప్పు కింద పెట్టింది ఊరి కోసం కొట్టనని చెప్పడానికి. మనవలు ఎత్తింది మన కోసం కొడతామని చెప్పడానికి. పేరయ్య పల్లెపల్లెకీ నడిచి చెప్పిన మాటకి ఇది కొనసాగింపే. ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. మన పల్లెల్లో సంఘ పెద్దల దగ్గర, అవ్వల దగ్గర కూర్చుని, మొదట 'రాను' అన్న ఆదివారం కథ ప్రతి ఊరిదీ రాసిపెట్టుకోవాలి. దొరలు రాసుకున్న చరిత్రలో ఆ పేర్లు లేవు.