మంథని శాసనసభ్యుడు: శ్రీ పి.వి. నరసింహారావు గారి ఇరవై ఏండ్లు

మన సంఘముల శతాబ్ది సంచికలో ఒక శాసనసభ్యుని గూర్చి వ్యాసమెందుకని కొందరు పెద్దలు అడుగవచ్చు. తొలి సువార్తికులను గూర్చి, బైబిలు స్త్రీలను గూర్చి, మిషన్ దవాఖానాలను గూర్చి వ్రాయువారు వేరే ఉన్నారు. మేము భూమిని గూర్చి, చదువును గూర్చి వ్రాయదలచినాము. మన వాడలలో ప్రార్థన తరువాత ఎక్కువగా వినబడిన మాటలు ఆ రెండే. కరీంనగర్ జిల్లాలో ఆ రెండింటి చరిత్ర చెప్పబోతే మంథని శాసనసభ్యుని పేరు రాక తప్పదు.

శ్రీ పాములపర్తి వెంకట నరసింహారావు గారు 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించి, నాటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామములో దత్తపుత్రునిగా పెరిగారు. బ్రాహ్మణ భూస్వామి కుటుంబము. 1938లో ఉస్మానియా విద్యార్థుల వందేమాతరం ఉద్యమములో పాల్గొన్నందున నిజాము రాజ్యములో చదువు సాగలేదు. నాగపూరు పోయి చదువుకొన్నారు. 1947-48లో సరిహద్దు అవతల చాందాలో ఉండి నిజాము వ్యతిరేక పోరాటములో పనిచేశారు. వరంగల్ నుండి వెలువడిన కాకతీయ పత్రికలో 1949లో ‘గొల్ల రామవ్వ’ అనే కథ వ్రాశారు. పోలీసులు వెదకుతున్న యువకుని ఒక పల్లెటూరి ముసలమ్మ దాచిన కథ అది. దొరల వైపు పుట్టినవాడు ఆ గుడిసె వైపు నుండి కథ చెప్పడము గమనించదగినది.

1952లో మొదటి లోక్‌సభ ఎన్నికలలో కరీంనగర్ నుండి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి ఓడిపోయారు. గెలిచినవారు సాయుధ పోరాట నాయకులు శ్రీ బద్దం ఎల్లారెడ్డి గారు. ఆ ద్విసభ్య నియోజకవర్గములో రిజర్వుడు స్థానము షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున శ్రీ ఎం.ఆర్. కృష్ణ గారికి దక్కింది. దున్నేవాడికి భూమి కావాలని, దళితునికి తన ప్రతినిధి కావాలని జిల్లా ఒకేసారి చెప్పింది. ఆ ఓటమి పి.వి. గారికి ఏ పాఠశాల నేర్పనిది నేర్పిందని మా అభిప్రాయము.

గోదావరి ఒడ్డున ఉన్న మంథని వేదపండితులకు పేరొందిన ఊరు. దాటితే మహదేవపురం అడవులు, కాళేశ్వరం. ఈ నియోజకవర్గము నుండి 1957, 1962, 1967, 1972 ఎన్నికలలో వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 1962 నుండి న్యాయము, సమాచారము, దేవాదాయము, వైద్యము, విద్య వంటి శాఖలు చూశారు. విద్యామంత్రిగా కళాశాలలలో తెలుగు మాధ్యమము కొరకు పాటుపడ్డారు. పాఠ్యపుస్తకములు కావలెను గనుక 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. ఆయనే తొలి అధ్యక్షులు. ముఖ్యమంత్రి అయిన తరువాత 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెరిచారు. పల్లె పిల్లవాడు ఊరు విడిచి ఒకచోట ఉండి, తిని, చదువుకోవడము మిషన్ బోర్డింగులలో పెరిగిన మన పెద్దలకు కొత్త సంగతి కాదు. ప్రభుత్వమే ఆ పని చేపట్టడము కొత్త.

మనకు మరింత దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రీస్తును నమ్ముకొన్న మాల మాదిగలు షెడ్యూల్డు కులముల జాబితాలో లేకుండా పోయారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వు సడలింది గాని, క్రైస్తవులకు నేటికీ సడలలేదు. రాష్ట్రములో వెనుకబడిన తరగతుల కమిషన్ నివేదిక వచ్చిన పిమ్మట, 1970 సెప్టెంబరు 23న విద్యాశాఖ 1793వ నంబరు జీవో వెలువరించింది. వెనుకబడిన తరగతులకు 25 శాతము. ఎ వర్గమునకు 7, బి 10, డి 7. క్రైస్తవములో చేరిన షెడ్యూల్డు కులస్థులకు, వారి సంతతికి సి వర్గముగా 1 శాతము. అది బ్రహ్మానందరెడ్డి గారి మంత్రివర్గము, విద్యామంత్రి పి.వి. గారు. ఒక్కరికే ఘనత కట్టబెట్టడము న్యాయము కాదు. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయగా 1972లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఒక్క శాతము స్వల్పమే; కాని ఆ ‘బి.సి.-సి’ మీదనే మన పిల్లలు ఎందరో టీచర్లయ్యారు, నర్సులయ్యారు.

ఇక భూమి. 1971 సెప్టెంబరు 30న పి.వి. గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1972 సెప్టెంబరులో శాసనసభ భూసంస్కరణల బిల్లును ఆమోదించింది. అయిదుగురున్న కుటుంబమునకు నేల తరగతిని బట్టి తరి అయితే 10 నుండి 27 ఎకరములు, ఖుష్కి అయితే 35 నుండి 54 ఎకరములు, మించినది సర్కారుకు. బిల్లు వస్తున్నదని ముందే విని బంధువుల పేర పట్టాలు మార్చినవారు ఉంటారని తెలుసు గనుక, 1971 జనవరి 24 తరువాతి బదిలీలను లెక్కలోనికి తెచ్చారు. తాము స్వయముగా మిగులు భూమిని వదులుకొన్నారు. తన పార్టీలోని భూస్వాములు దీనిని మరచిపోలేదు.

1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పును ముఖ్యమంత్రి స్వాగతించడముతో కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమము రేగింది. మంత్రులు రాజీనామాలు చేశారు. 1973 జనవరి 1న భూమి చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించింది. అదే నెలలో పి.వి. గారు పదవి విడిచారు, రాష్ట్రములో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఉద్యమమునకు వేరే కారణములు, నిజమైన భయములు ఉన్నవి. భూస్వాముల కోపము దానితో కలిసిందని మాత్రము మేము నమ్ముతాము.

చట్టము 1975 జనవరి 1న అమలులోనికి వచ్చేసరికి వెంగళరావు గారు ముఖ్యమంత్రి. ట్రిబ్యునళ్ళు కూర్చున్నవి, డిక్లరేషన్లు దాఖలైనవి. రెండేండ్ల వ్యవధిలో దొరలు కాగితముల మీద వేరుపడ్డారు. చాలాచోట్ల పేదలకు వచ్చినది రాళ్ళ చెలక. పట్టా చేతికి వచ్చినా నేల చేతికి రాని ఇండ్లు మన సంఘములలోనే ఉన్నవి. పి.వి. గారు కుర్చీలో ఉండి ఉంటే మరో విధముగా జరిగేదా? పట్వారీ ఆయనకూ ఆ పట్వారీయే కదా!

1977లో ఆయన హన్మకొండ నుండి లోక్‌సభకు వెళ్ళారు. ప్రధానమంత్రి కావడము, 2004 డిసెంబరు 23న మరణము, 2024లో భారతరత్న అందరికీ తెలిసినవే. 1998లో వచ్చిన ‘ది ఇన్‌సైడర్’ నవలలో అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రపు రాజకీయములు చెప్పారు. చదివినవారికి అది ఏ రాష్ట్రమో వేరే చెప్పనక్కరలేదు.

ఆయన మంథని విడిచిన మరుసటి యేడే, 1978లో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో జీతగాండ్లు, కూలీలు వెట్టి మానేసి, దొరల ఆక్రమణలో ఉన్న బంచరు భూములను అడిగారు. అక్టోబరులో ప్రభుత్వము ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించింది.