మా ఉదయగిరి కృష్ణుడు చెన్నపట్నంలో

సంక్రాంతి హడావిడి సద్దుమణిగాక ఒక శని, ఆదివారాలు చూసుకుని చెన్నై వెళ్ళొచ్చాం. మా వైపు నుంచి ఎవరైనా చెన్నై బయల్దేరారంటే రెండే కారణాలు. పెళ్ళి చీరలు, లేకపోతే పెద్దాసుపత్రి. అందుకే ఆత్మకూరు బస్టాండులో ఎదురైన మా వీధి ఆవిడ "ఎవరికమ్మా ఒంట్లో బాగాలేదు?" అనడిగింది. నేను చెప్పేలోపే మా అత్తయ్య అందుకుని "మా ఊరి దేవుణ్ణి చూడ్డానికి పోతున్నాం" అంది.

ఆ మాటకు అర్థం చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా చిన్నోడికి పరీక్షలు. సోషల్లో విజయనగర సామ్రాజ్యం పాఠం. నేను పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకుంటున్నాను. అత్తయ్య పక్కన కూర్చుని అనపకాయలు వొలుస్తోంది. "శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోటను గెలిచెను. అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్ళి గుడి కట్టించెను" అని వాడు గడగడా అప్పజెప్పాడు. అత్తయ్య చెయ్యి ఆగింది.

"గెలిచినాయన మన దేవుణ్ణి ఎందుకు ఎత్తకపోయినాడు?"

నేను బి.ఏ. తెలుగు చదివాను. పెద్దన మనుచరిత్రలో రాయల విజయాలు చెప్పే పద్యంలో మొట్టమొదట వచ్చే పేరు మా ఉదయాద్రే. మా లెక్చరర్ ఆ పద్యం చదువుతుంటే మా ప్రాంతం పిల్లలందరం గర్వంగా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. పరీక్షలో కూడా అదే గర్వంతో రాశాను. అత్తయ్య ఇంకో మాట అంది. "ఆయన గెలిచినాడంటే మనం ఓడినట్టే కదమ్మే."

నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళలో ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

అత్తయ్య పుట్టిల్లు ఉదయగిరి. ఆ కొండ నీడలోనే పెరిగింది. వాళ్ళ జేజి కొండ కింద పాడుపడిన ఒక గుడి గడప మీద శనివారాలు దీపం పెట్టి వచ్చేదట. లోపల విగ్రహం లేదు కదా అని పిల్లలు అడిగితే "ఊరెళ్ళినాడు, వస్తాడు" అనేదట. ఆ ఊరెళ్ళినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. హంపీలో లేడు, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. ఆ మాట చెప్పగానే ప్రయాణం ఖాయమైపోయింది. అత్తయ్యకు డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. "నెమ్మదిగా నడుద్దాంలే" అన్నారు మావారు.

తెల్లవారుజామున బస్సెక్కి నెల్లూరు చేరి, అక్కడ రైలెక్కాం. రైల్లో చిన్నోడికి కథంతా చెప్పాను, అత్తయ్య కూడా వింటోంది. ఉదయగిరి మొదట్నుంచీ పరాయి రాజులదేం కాదు. విజయనగరం పుట్టిన కొత్తలోనే అది వాళ్ళ చేతిలోకి వచ్చింది. హరిహరరాయల తమ్ముడు కంపన అక్కడుండి పాలించాడు. తర్వాత ఒరిస్సా గజపతులు దాన్ని గెలుచుకున్నారు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలని రాయలు 1513లో వచ్చి కోటను చుట్టుముట్టాడు. చూసినవాళ్ళకు తెలుసు, ఆ కొండ ఎక్కడం మాటలు కాదు. చుట్టూ బండలు, నిలువు చరియలు. ముట్టడి ఏడాదిన్నర సాగిందనీ, సైన్యం పైకి పోవడానికి బండలు పగలగొట్టించి దారులు వేయించాడనీ న్యూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాసిపెట్టాడు. చివరికి 1514 జూన్‌లో కోట లొంగింది. గజపతి ప్రతాపరుద్రుడి బంధువు తిరుమల రాహుత్తరాయలు పట్టుబడ్డాడు.

అక్కడినుంచి రాయలు ఇద్దరు రాణులతో నేరుగా తిరుమల వెళ్ళి, జూలైలో 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు. మా కృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి, కొత్తగా గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ సంగతి హంపీలో శాసనంగా ఉంది. రాయలు వేయించిన బంగారు నాణెం మీద కూడా వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడే. ఉదయగిరి విజయానికి గుర్తుగానే ఆ బొమ్మ వేయించాడంటారు.

"ఏడాదిన్నర కోట చుట్టూ కూర్చుంటే కింద ఊళ్ళో వాళ్ళు ఏం తిన్నారో?" అంది అత్తయ్య. దానికి నా దగ్గర జవాబు లేదు. గెలిచిన తేదీలు రాశారు, ఇచ్చిన దానాలు రాశారు. ఆ ఏడాదిన్నర పొయ్యి ఎలా వెలిగిందో రాసిన శాసనం మాత్రం నేను ఎక్కడా చదవలేదు.

సెంట్రల్లో దిగి, టిఫిన్ చేసి, ఆటోలో మ్యూజియానికి వెళ్ళాం. 1851లో మొదలైన మ్యూజియం అది. ఒక్కరోజులో అంతా చూడాలనుకోకండి, కాళ్ళు పోతాయి. ముందు అమరావతి శిల్పాలు చూశాం. మన కృష్ణ ఒడ్డున ఉన్న స్తూపం రాళ్ళు. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో తవ్వించి మద్రాసుకు పంపించాడు. వాటిలో చాలా భాగం తర్వాత లండన్ వెళ్ళిపోయింది. ఎంత సన్నటి పని! ఆడవాళ్ళ నడుముల మీద మొలనూళ్ళు పూసలతో సహా లెక్కపెట్టొచ్చు. "ఇవీ మనవేనా?" అంది అత్తయ్య. అవునన్నాను. "మనవన్నీ ఇక్కడే ఉన్నట్టుండాయే" అంది.

తర్వాత బాలకృష్ణుడి దగ్గరికి వచ్చాం.

నేను ఏదో ఊహించుకుని వెళ్ళాను. అక్కడ పూలు లేవు, దీపం లేదు. ఎన్నో రాతి విగ్రహాల్లో అదొకటి. కూర్చున్న పసివాడు, దెబ్బలు తిన్న రాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపీ మొత్తం పాడుపడింది కదా, ఆ కష్టమంతా ఆ రాయి మీదే కనిపిస్తుంది. మావారు, చిన్నోడు ముందుకు నడిచారు. అత్తయ్య చెప్పులు విప్పి పక్కన పెట్టింది. అక్కడ చెప్పులు విప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు. దణ్ణం కూడా వెంటనే పెట్టలేదు. ఊరినుంచి వచ్చిన పిల్లాణ్ణి చిక్కాడా, బాగున్నాడా అని చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"పిల్లోడేనమ్మే" అంది నాతో. "ఎన్ని దెబ్బలు తగిలినాయో."

చేతి సంచిలో చిన్న స్టీలు డబ్బా, అందులో వెన్న. ముందు రోజు తనే చిలికి తీసింది. మ్యూజియంలో నైవేద్యం పెట్టకూడదని దారి పొడుగునా చెబుతూనే వచ్చాను. ఆమె డబ్బా బయటికి తీయలేదు. బయట చెట్టు కింద కూర్చున్నాక చిన్నోడికి బన్నులో పెట్టి ఇచ్చి "కళ్ళతోనే పెట్టేసినాలే" అంది.

అక్కడే మావారికీ నాకూ చిన్న వాదన జరిగింది. ఆయన అడిగింది సూటి ప్రశ్న. "దాన్ని ఉదయగిరికి తెచ్చుకుంటే తప్పేంది? మన ఊరిదే కదా." నేను చదువుకున్నదాన్ని కాబట్టి రెండో వైపు మాట్లాడాను. హంపీవాళ్ళు మాత్రం మాదే అనరా? యాభై ఏళ్ళు పూజలందుకున్నది అక్కడే కదా. పైగా మా కొండ మీద మిగిలిన గుళ్ళ గతి చూశాం. గుప్తనిధుల పిచ్చిలో ఎక్కడెక్కడి పాడు గుళ్ళూ తవ్వేస్తున్న రోజులివి. రాయలు తీసుకుపోకపోతే ఈ మాత్రం కూడా దక్కేవాడో లేదో. అలాగని తీసుకుపోవడం మంచిపనైందని కూడా నేను అనలేను. వాళ్ళ జేజి దీపం పెట్టిన గడప గుర్తొస్తే అనబుద్ధి కాదు.

అత్తయ్యను అడిగితే ఆమె ఎవరి వైపూ మాట్లాడలేదు. "ఎవురొస్తే వాళ్ళది కొండ. గజపతి వచ్చినాడు, రాయలు వచ్చినాడు, నవాబులు వచ్చినారు, దొరలు వచ్చినారు. కింద ఉండింది మనమే."

సాయంత్రం మెరీనా. సముద్రం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? సుండలు తిన్నాం, ఇసకలో కూర్చున్నాం. రాత్రికి పెరంబూరులో మావారి చిన్నాన్న కొడుకు ఇంట్లో దిగాం. అత్తయ్య వాళ్ళకని ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు తెచ్చింది. మా ఊరు ఇప్పుడు బయటికి తెలిసింది కోట వల్ల కంటే ఈ చెంచాల వల్లే. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూర్చుని చెక్కేవే ఎక్కువ.

ఆదివారం పొద్దున్నే సెయింట్ జార్జి కోటకు వెళ్ళాం. ఇక్కడా మా జిల్లా ముచ్చట ఒకటుంది. చెన్నపట్నానికి ముందు ఇంగ్లీషువాళ్ళు కాపురమున్నది మా పాత నెల్లూరు జిల్లా తీరంలోని దుర్గరాజపట్నంలో. రైలు నాయుడుపేట దాటుతున్నప్పుడు తూర్పు వైపు చూపించి చిన్నోడికి ఆ పేరు చెప్పాను. 1626 ప్రాంతంలో అక్కడ కోట కట్టుకుని, బట్టల వ్యాపారం చేశారు. వాళ్ళకు సాయం చేసిన ఆర్ముగం మొదలియారి పేరు మీద ఆ చోటును ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. వ్యాపారం బాగా సాగక, అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన ఇంకో చోటు వెతికాడు. 1639లో ఆ చోటు ఇచ్చినవాడు మన తెలుగువాడే, దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. మరుసటేడు దుర్గరాజపట్నం నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. ఈ మహానగరానికి మొదటి అడుగు మా ఇసక మీదే పడిందన్నమాట. ఆ దుర్గరాజపట్నం ఇప్పుడు చేపలు పట్టుకునే చిన్న ఊరు.

మధ్యాహ్నం మైలాపూరు వైపు, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనానికి వెళ్ళాం. అప్పట్లో అది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి పోయారు. ఆయన పుట్టింది మద్రాసులోనే, జార్జిటౌన్ అణ్ణాపిళ్ళై వీధిలో. పెద్దలది నెల్లూరు జిల్లా. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని దీక్ష చేసిందీ ఆయనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. రోజూ మేము కాయితాల మీద రాసే మా జిల్లా పేరు ఆయనదే. ఆ ఇంట్లో నిలబడ్డాక నాకు నా పరీక్ష జవాబు మళ్ళీ గుర్తొచ్చింది. అప్పుడు మనం గెలిచామా, ఓడామా? రాష్ట్రం గెలిచాం, మనిషిని పోగొట్టుకున్నాం. ఉదయగిరిదీ అలాంటి లెక్కే. ఎవరి వైపు నిలబడి రాస్తున్నామో చూసుకోకుండా నేను "గెలిచెను" అని రాసేశాను.

ఇంటికొచ్చాక చిన్నోడితో పాఠం మళ్ళీ చదివించాను. జవాబు మార్చమని చెప్పలేదు, మార్కులు పోతాయి. కానీ అప్పజెప్పాక "మరి ఊళ్ళోవాళ్ళు?" అని వాడే అడిగాడు. నాకది చాలు.

మీరెవరైనా వెళ్ళేట్టుంటే ఒక్క మాట. ఎగ్మూరు మ్యూజియానికి, కోటలోని మ్యూజియానికి కూడా శుక్రవారం సెలవు. పెద్దవాళ్ళు వెంట ఉంటే పొద్దున్నే వెళ్ళండి, మధ్యమధ్య కూర్చోబెట్టండి. మన జిల్లాది, మన ఊరిది ఏదైనా అక్కడుందేమో ముందే తెలుసుకుని వెళ్ళండి. అప్పుడు వందల రాళ్ళ మధ్య ఒక్క రాయైనా చుట్టంలా పలకరిస్తుంది.

ఆ రాత్రి అత్తయ్య ఉదయగిరిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ విన్నాను.

"చూసొచ్చినాం లేమ్మే. బాగానే ఉండాడు. నీడపట్టునే ఉండాడు. ఒక్కడే కాదులే, చుట్టూ శానామంది ఉండారు. నువ్వు రేపు శనివారం ఆ గడప మీద దీపం పెట్టు."